విశాఖ నుంచి జర్మనీకి: వెళ్లేముందు, వెళ్లాక – తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో అమెరికా గురించి చెప్పేవాళ్లు వీధికి నలుగురు ఉంటారు. జర్మనీ అనేసరికి ద్వారకానగర్ కన్సల్టెన్సీ బోర్డుల దగ్గరే మాట ఆగిపోతుంది. నేను హాంబుర్గ్‌లో ఉంటాను. గాజువాక, మధురవాడ, ఎంవీపీ కాలనీల నుంచి వచ్చే ఫోన్లలో మళ్లీ మళ్లీ వినిపించే ప్రశ్నలకు ఇవి నా జవాబులు. ఇందులో ‘ఇక్కడ’ అంటే మన ఊరు, ‘అక్కడ’ అంటే జర్మనీ. ఇందులోని మొత్తాల్లో చాలావరకు ఏటా మారతాయి. డబ్బు కట్టేముందు జర్మన్ ప్రభుత్వ సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి.

ఏ దారిలో వెళ్లడం మంచిది?

చేతిలో ఉద్యోగం ఆఫర్ ఉంటే బ్లూ కార్డ్‌ను (డిగ్రీ ఉన్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి) మించింది లేదు. 2026లో దానికి ఏడాది జీతం కనీసం 50,700 యూరోలు ఉండాలి. ఐటీ, ఇంజినీరింగ్, వైద్యం లాంటి కొరత ఉన్న వృత్తులకైతే 45,934 యూరోలు దాటితే చాలు. భార్యను లేదా భర్తను వెంటనే తీసుకెళ్లొచ్చు, వాళ్లు వచ్చిన రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చు. మిగతా చాలా వీసాల్లో జీవిత భాగస్వామికి ఏ1 జర్మన్ పరీక్ష (భాషలో మొదటి మెట్టు; ఆ పైన ఏ2, బీ1, బీ2 వస్తాయి) అడుగుతారు, బ్లూ కార్డ్‌లో అడగరు.

చదువుకైతే ప్రభుత్వ యూనివర్సిటీలు. చాలాచోట్ల ట్యూషన్ ఫీజు ఉండదు, సెమిస్టర్ చందా మాత్రమే కట్టాలి. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటి బయటి దేశాల విద్యార్థులకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 నుంచి కొత్త విద్యార్థుల దగ్గర ఫీజు తీసుకుంటోంది. చదువు పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు.

2024 జూన్‌లో వచ్చిన ఛాన్సెన్‌కార్టె గురించి ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. ఆఫర్ లేకుండానే వెళ్లి, ఏడాదిలోపు ఉద్యోగం వెతుక్కునే వీసా అది. పాయింట్ల లెక్క ఉంటుంది. వారానికి 20 గంటల పార్ట్‌టైమ్ పని చేసుకోవచ్చు. జర్మన్ బీ1 దాటకుండా, అదీ ఉన్న ఉద్యోగం మానేసి ఈ కార్డు మీద వెళ్లొద్దని నేను చెబుతాను. ఇంగ్లిష్ ఒక్కదానితో దొరికే ఉద్యోగాలు బెర్లిన్, మ్యూనిక్ ఐటీ కంపెనీల్లో ఉన్నాయి కానీ, వాటికి పోటీ పడేది ఒక్క మనమే కాదు.

నర్సింగ్ చేసినవాళ్లకు దారి వేరు. వాళ్ల డిగ్రీకి జర్మనీలో గుర్తింపు రావాలి, భాష బీ2 వరకు రావాలి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ ఇలాంటి నియామకాలు చూస్తుంది. ముందు అక్కడ అడిగి, ప్రైవేటు ఏజెంట్ల దగ్గరికి ఆ తర్వాతే వెళ్లండి.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. ఏమైనా ఇబ్బందా?

ఇబ్బందే. మన తెలుగువాళ్లకు వచ్చే చిక్కుల్లో దీన్నే మొదట చెప్పాలి. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, డిగ్రీలో అదే ఒక్క అక్షరంగా కుదించుకుపోతుంది, ఆధార్‌లో పేరు చివరికి వెళ్తుంది, పాస్‌పోర్టులో అసలు కనిపించదు. మనకు ఇవన్నీ ఒకే మనిషివి. జర్మన్ ఆఫీసు గుమాస్తాకు నలుగురు మనుషులు.

అక్కడ ఏ ఫారంలోనైనా ఇంటిపేరు తప్పనిసరి. అది లేకపోతే ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలో పడుతుంది, పేరు గడిలో గీతో గుర్తో మిగులుతుంది. ఆ తర్వాత బ్యాంకు, ఆరోగ్య బీమా, జీతం స్లిప్పు అన్నీ దాన్నే పట్టుకుంటాయి. కాబట్టి వీసాకు దరఖాస్తు చేయకముందే విశాఖ పాస్‌పోర్ట్ కార్యాలయంలో రీ-ఇష్యూకు పెట్టి పేరును రెండు గడుల్లోకి విడదీయించుకోండి. మామూలుగా 36 పేజీల పాస్‌పోర్టుకు ఫీజు 1,500 రూపాయలు. డిగ్రీలో పొడి అక్షరాలు ఉంటే, రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ ఒకటి ఇంగ్లిష్‌లో చేయించి పెట్టుకోండి.

పెళ్లైన ఆడపిల్లలకు ఒక మాట. పుట్టింటి పేరుతోనే చదువులన్నీ ఉంటే, పాస్‌పోర్టులో అత్తింటి పేరు మార్పించొద్దు. భార్యాభర్తల ఇంటిపేర్లు వేరుగా ఉంటే జర్మనీలో ఎవరూ పట్టించుకోరు. సర్టిఫికెట్‌కూ పాస్‌పోర్టుకూ పేరు కలవకపోతే మాత్రం ప్రతి ఆఫీసులోనూ అడుగుతారు.

సింహాచలంలో పెళ్లైంది, దేవస్థానం రసీదు ఉంది. సరిపోతుందా?

సరిపోదు. సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో వివాహం రిజిస్టర్ చేయించి, ఆ సర్టిఫికెట్ తీసుకోండి. భాగస్వామి వీసాకు అదే ఆధారం. జీతంలో పన్ను కోత కూడా దాని మీదే ఆధారపడుతుంది. ఆ లెక్క కింద చెబుతాను.

ఆంధ్రా యూనివర్సిటీ డిగ్రీ అక్కడ చెల్లుతుందా?

అనబిన్ అనే జర్మన్ డేటాబేస్‌లో యూనివర్సిటీ పేరూ కోర్సు పేరూ వెతకండి. యూనివర్సిటీకి హెచ్ ప్లస్ అని ఉండాలి, మీ డిగ్రీ సమానమైనదిగా కనిపించాలి. రెండూ దొరికితే ఆ పేజీల ప్రింటు చాలు. మీ కోర్సు కనబడకపోతే బాన్‌లోని కేంద్ర కార్యాలయం జడ్‌ఏబీ నుంచి సమానత్వ పత్రం తెప్పించుకోవాలి, దాని ఫీజు 208 యూరోలు.

విద్యార్థులకు ఇది కాక ఏపీఎస్ సర్టిఫికెట్ కావాలి. 2022 నవంబర్ నుంచి ఇండియా విద్యార్థులకు ఇది తప్పనిసరి, ఫీజు 18,000 రూపాయలు. మార్కుల పత్రాలు అసలువో కాదో ఢిల్లీలోని ఏపీఎస్ చూసి చెబుతుంది. అన్ని సెమిస్టర్ల మార్కుల పత్రాలు, ప్రొవిజనల్, ఒరిజినల్ డిగ్రీ ముందే చేతిలో పెట్టుకోండి. అనుబంధ కాలేజీలో చదివినవాళ్లు కాలేజీకీ యూనివర్సిటీకీ మధ్య తిరగాల్సి వస్తుంది, ఆ తిరుగుడుకు సమయం ఉంచుకోండి. వెళ్లిపోయాక ఈ కాగితాల కోసం నాన్నగారిని తిప్పడం ఆయనకూ కష్టం, మీకూ కష్టం.

వీసా పని విశాఖలో అవుతుందా?

అవ్వదు. ఆంధ్రప్రదేశ్ చెన్నై జర్మన్ కాన్సులేట్ పరిధిలోకి వస్తుంది. దీర్ఘకాలిక వీసాలకు ముందు ఆన్‌లైన్ పోర్టల్‌లో దరఖాస్తు నింపాలి, తర్వాత వేలిముద్రలకు, వీసా కాగితాలు తీసుకునే వీఎఫ్‌ఎస్ సంస్థ కేంద్రానికి వెళ్లాలి. మనవాళ్లు ఎక్కువగా హైదరాబాద్ వెళ్తారు. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పొద్దున్నే దిగినా, అపాయింట్‌మెంట్ మధ్యాహ్నానికి పెట్టుకోండి. రైలును నమ్ముకుని తొమ్మిదింటి స్లాట్ తీసుకోవద్దు.

కన్సల్టెన్సీ వాళ్లు అయిదు లక్షలు అడుగుతున్నారు. ఇవ్వొచ్చా?

దేనికి అని అడగండి. యూనివర్సిటీ అప్లికేషన్, ఏపీఎస్, వీసా ఫారం, ఈ మూడూ ఇంగ్లిష్ చదవగలిగిన ఎవరైనా సొంతంగా చేసుకోగలిగినవే. కొందరు కన్సల్టెంట్లు కమిషన్ వచ్చే ప్రైవేటు కాలేజీలవైపు లాగుతారు. ఫీజులేని ప్రభుత్వ యూనివర్సిటీల పేర్లు వాళ్ల జాబితాలో వెనక్కి పోతాయి.

ఉద్యోగం ఇప్పిస్తామనే ఏజెంటైతే, కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆయన పేరు ఉందో లేదో చూడండి. రిజిస్టరైన ఏజెంటు తీసుకోగల సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగితే అది రుసుము కాదు. టూరిస్ట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చని ఎవరైనా చెబితే అక్కడితో మాట ఆపేయండి. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం గుర్తుందిగా. డేటా ఎంట్రీ ఉద్యోగాలని మన కుర్రాళ్లను తీసుకెళ్లి, నిర్బంధించి, సైబర్ మోసాలు చేయించారు. దేశం పేరు మారినా మొదటి ఫోన్ కాల్ మాటలు ఒకేలా ఉంటాయి: డిగ్రీ అవసరం లేదు, ఇంటర్వ్యూ లేదు, వారంలో ప్రయాణం.

జర్మన్ రాకుండా బతకలేమా?

ఆఫీసులో బతకొచ్చు. ఆఫీసు గేటు దాటాక కష్టం. ఇంటి ఓనరు, పిల్లల స్కూలు, వీసా ఆఫీసు, కరెంటు కంపెనీ అన్నీ జర్మన్‌లోనే ఉత్తరాలు పంపుతాయి. ఫోన్ కెమెరాతో అనువదించుకుంటే చదవడం వరకు గడుస్తుంది, ఎదురుగా మనిషి మాట్లాడితే ఫోన్ తీసేలోపే ఆయన వెళ్లిపోతాడు.

విశాఖలో ఉన్నప్పుడే కనీసం ఏ2 పూర్తి చేయండి. అక్కడికి వెళ్లాక నేర్చుకుందామనుకున్నవాళ్లకు ఉద్యోగం, చలి, వంట ఈ మూడింటి మధ్య క్లాసుకు ఓపిక మిగలదు. పరీక్షకు హైదరాబాద్ గోథె సెంటర్‌కో చెన్నై గోథె ఇన్‌స్టిట్యూట్‌కో వెళ్లాలి. బ్లూ కార్డ్ ఉన్నవాళ్లకు బీ1 వస్తే 21 నెలల్లో శాశ్వత నివాసం దొరుకుతుంది. ఏ1తో అయితే 27 నెలలు ఆగాలి.

ఎంత డబ్బు పట్టుకెళ్లాలి? ఇక్కడి బ్యాంకు ఖాతా సంగతి?

విద్యార్థి అయితే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. అక్కడికి వెళ్లాక అది నెలకు 992 చొప్పున మీ చేతికొస్తుంది. మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటిచోట్ల దానితో నెల నెట్టుకురావడం కష్టం. తూర్పు జర్మనీ ఊళ్లలో, లైప్‌జిగ్, కెమ్నిట్స్ వైపు, గది అద్దె తక్కువ కాబట్టి జాగ్రత్తగా ఉంటే సరిపోతుంది. కోర్సు ఎంచుకునేటప్పుడు ఊరి అద్దె కూడా చూసుకోండి.

ఇక్కడి నుంచి డబ్బు పంపేటప్పుడు ఏడాదిలో 10 లక్షలు దాటిన భాగం మీద బ్యాంకు టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటుంది. విద్యా రుణంతో పంపితే ఆ కోత లేదు. కోసిన టీసీఎస్ రిటర్ను వేసినప్పుడు సర్దుబాటవుతుంది కాబట్టి, ఎవరి పాన్ మీద కోశారో గుర్తుపెట్టుకోండి. చేతిలో నోట్లుగా 3,000 డాలర్ల విలువ వరకే ఇస్తారు, మిగతాది ఫారెక్స్ కార్డులో వేసుకోవాలి.

ఉద్యోగానికి వెళ్లినా చదువుకు వెళ్లినా విదేశీ మారక చట్టం ఫెమా లెక్కలో మీరు నాన్-రెసిడెంట్ అవుతారు. మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా (నాన్-రెసిడెంట్ల ఇండియా ఆదాయానికి ఉండే ఖాతా) మార్చాలి. అక్కడి జీతం ఇక్కడికి పంపడానికి ఎన్‌ఆర్‌ఈ తెరవండి, దాని వడ్డీకి ఇండియాలో పన్ను లేదు. పీపీఎఫ్ ఉంటే గడువు తీరేదాకా కొనసాగించొచ్చు, కొత్తది మాత్రం తెరవలేరు. బ్యాంకుకు లింకైన విశాఖ సిమ్ ఆగిపోకుండా రీచార్జ్ చేయించే బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పగించండి. ఓటీపీ రాకపోతే ఈ ఖాతాలన్నీ ఉండీ లేనట్టే.

సూట్‌కేసులో ఏం పెట్టుకోవాలి? అమ్మ పచ్చళ్లు, స్వీట్లు కడుతోంది.

మామిడి ఆవకాయ, గోంగూర, చింతకాయ, కందిపొడి, పసుపు, కారం, ఎండిన కరివేపాకు పెట్టుకోండి. పచ్చడిని గట్టి మూత డబ్బాలో పోసి, టేపు చుట్టి, చెక్-ఇన్ లగేజీలోనే వేయాలి.

ఐరోపా యూనియన్ నిబంధనల ప్రకారం బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు తేకూడదు. అంటే చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా ఇంట్లోనే వదిలేయాలి. చేపలకు రూలు వేరు, సొంత వాడకానికి కొంతవరకు ఒప్పుకుంటారు, కాబట్టి ఎండు చేపలకు దారి ఉంది. పక్క సీటులో కూర్చునేవాళ్ల సంగతి మీరే ఆలోచించండి. పచ్చి ఆకులు, కూరలు, పళ్లు సర్టిఫికెట్ లేకుండా తేకూడదు. కొబ్బరి, అరటి, అనాస, ఖర్జూరం, డురియన్ మాత్రం మినహాయింపు. పచ్చి కరివేపాకు రెమ్మలు, మునగాకు కట్టలు విమానాశ్రయంలో చెత్తబుట్ట పాలవుతాయి. మాడుగుల హల్వా గురించి అడిగేవాళ్లకు నా సలహా: నెయ్యి ఓడే పదార్థంతో కస్టమ్స్ వాళ్ల ముందు వాదన ఎందుకు, ఎయిర్‌పోర్టుకు వచ్చినవాళ్లతో కలిసి తినేయండి.

మందులు సొంత వాడకానికి మూడు నెలలకు సరిపడా తీసుకెళ్లొచ్చు. ఇంగ్లిష్‌లో రాసిన ప్రిస్క్రిప్షన్ తోడుగా ఉండాలి. మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్, అదనపు గాస్కెట్లు, పోపుల డబ్బా తప్పక పెట్టుకోండి. మిక్సీ కూడా. ఇడ్లీ పిండి అక్కడ చలికాలంలో పులియదు. ఓవెన్‌లో లైటు ఒక్కటే వేసి, గిన్నె రాత్రంతా లోపల ఉంచితే పులుస్తుంది.

చలి కోట్లు మాత్రం ఇక్కడ కొనొద్దు. లంబసింగి పొగమంచుకు సరిపోయే స్వెట్టర్ జనవరిలో హాంబుర్గ్ గాలికి ఆగదు. థర్మల్ లోదుస్తులు రెండు జతలు వేసుకుని దిగి, కోటు, బూట్లు అక్కడే కొనుక్కోండి.

విశాఖ నుంచి నేరుగా విమానం ఉందా?

జర్మనీకి లేదు. ఢిల్లీ, ముంబై, హైదరాబాద్‌లలో ఎక్కడో మారాలి. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు లుఫ్తాన్సా 2024 జనవరిలో నేరుగా మొదలుపెట్టింది. రెండు ప్రయాణాలూ ఒకే టికెట్‌లో ఉండేట్టు చూసుకోండి. విడిగా కొంటే, విశాఖ విమానం ఆలస్యమైనప్పుడు రెండో టికెట్ డబ్బు మీ జేబులోదే పోతుంది.

దిగిన మొదటి నెలలో ఏ పని ముందు?

చిరునామా నమోదు. దాన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. ఇంట్లో దిగిన రెండు వారాల్లో ఊరి పౌర కార్యాలయంలో చేయించాలి. దానికి ఇంటి ఓనరు సంతకం చేసిన నివాస ధ్రువీకరణ కావాలి, ఒప్పంద పత్రం ఒక్కటే చాలదు. తాత్కాలికంగా గది తీసుకునేటప్పుడే ‘నమోదుకు కాగితం ఇస్తారా’ అని అడగండి. ఇవ్వనంటే ఎంత చవకైనా ఆ గది వద్దు.

నమోదయ్యాక కొన్ని వారాల్లో పన్ను నంబరు పోస్టులో వస్తుంది. అది లేకపోతే మొదటి జీతంలో పన్ను గరిష్ఠంగా కోసేస్తారు. తర్వాత సర్దుతారనుకోండి, కానీ ఆ నెల గడవాలిగా. బ్యాంకు ఖాతా, ఆరోగ్య బీమా, నివాస అనుమతి అన్నిటికీ ఈ చిరునామా కాగితమే పునాది.

ఇక్కడే ఒక చిన్న విషయం మనవాళ్లను ఏడిపిస్తుంది. జర్మనీలో ఫ్లాట్ నంబరుతో పోస్టు రాదు. పోస్ట్‌మన్ తపాలా పెట్టె మీద పేరు చూసి వేస్తాడు. మీ పేరు లేకపోతే పన్ను నంబరు, బ్యాంకు కార్డు, పిన్ అన్నీ వెనక్కి వెళ్లిపోతాయి. ఇంట్లో అడుగుపెట్టిన రోజే, ఉత్తరాల మీద ఎలా ఉంటుందో అలాగే ఇంటిపేరు రాసి పెట్టెకూ కాలింగ్ బెల్‌కూ అంటించండి.

వీసా గడువు తీరకముందే విదేశీయుల కార్యాలయంలో నివాస అనుమతికి దరఖాస్తు చేయాలి. పెద్ద ఊళ్లలో అపాయింట్‌మెంట్ దొరకడానికి నెలలు పడుతుంది. దిగిన వారంలోనే దరఖాస్తు పెట్టి, పెట్టినట్టు రుజువు దాచుకోండి. గడువు దాటేలా ఉంటే తాత్కాలిక పత్రం అడగండి. దాన్నిబట్టి ఇండియా ప్రయాణం చేయొచ్చో లేదో రాతపూర్వకంగా తేల్చుకున్నాకే టికెట్ కొనండి.

ఇంకో ఉత్తరం కూడా వస్తుంది, నెలకు 18.36 యూరోలు కట్టమని. అది రేడియో, టీవీ చందా. టీవీ లేకపోయినా ప్రతి ఇల్లూ కట్టాలి. మోసమనుకుని చింపేస్తే జరిమానాతో మళ్లీ వస్తుంది. గది పంచుకున్నవాళ్లు ఒకరు కడితే చాలు.

ఇల్లు దొరకడం అంత కష్టమా?

అవును, పెద్ద ఊళ్లలో జీతం కన్నా ఇల్లే కష్టం. ప్రకటనల్లో రెండు అద్దెలు రాస్తారు. చల్ల అద్దె అంటే గోడల అద్దె మాత్రమే. వెచ్చ అద్దెలో హీటింగు, నీళ్లు, చెత్త ఖర్చులు కలుస్తాయి, కరెంటు, ఇంటర్నెట్ చాలాసార్లు అందులోనూ ఉండవు. అడ్వాన్సు చల్ల అద్దెకు మూడు నెలలు మించకూడదని చట్టం. దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కూ ఉంది.

ఖాళీ ఇల్లంటే నిజంగానే ఖాళీ. చాలా ఇళ్లలో వంటగది ఉండదు. స్టవ్, సింకు, అలమరాలు, ఒక్కోసారి దీపాలు కూడా పాత అద్దెదారు విప్పుకుపోతాడు. ప్రకటనలో వంటగది అమర్చి ఉందని రాసిన ఇల్లే చూసుకోండి, లేదంటే వెళ్లిపోయేవాళ్ల దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కోవాలి.

‘నేను వేరే దేశంలో ఉన్నాను, అడ్వాన్సు పంపితే తాళాలు కొరియర్ చేస్తాను’ అనే ఓనరు దొంగ. ఇందులో మినహాయింపులు లేవు. విశాఖలో కూర్చుని, చూడని ఇంటికి డబ్బు పంపొద్దు. మొదటి నెలకు హాస్టలో సర్వీస్ అపార్ట్‌మెంటో తీసుకుని అక్కడి నుంచి వెతకండి.

జీతం పెద్దదే కనిపిస్తోంది, చేతికి ఎంత వస్తుంది?

ఒంటరివాళ్లకు పన్ను, పింఛను, ఆరోగ్య, నిరుద్యోగ బీమాలు పోను సుమారు అరవై శాతం చేతికొస్తుందనుకుని బడ్జెట్ వేసుకోండి. పెళ్లైనవాళ్లలో ఒకరే సంపాదిస్తుంటే మూడో పన్ను తరగతి వల్ల కోత బాగా తగ్గుతుంది. అయితే భార్య లేదా భర్త జర్మనీలో ఉంటేనే అది వర్తిస్తుంది. విశాఖలో ఉన్నంతకాలం మీరు ఒకటో తరగతే. కుటుంబాన్ని ఆలస్యంగా తీసుకెళ్దామనుకునేవాళ్లు ఈ తేడా లెక్కలో వేసుకోవాలి.

ఒంట్లో బాగోకపోతే?

ఆరోగ్య బీమా లేకుండా అక్కడ ఒక్కరోజు ఉండకూడదు. ప్రభుత్వ బీమాలో ఉద్యోగి వాటా ఒక సగం, కంపెనీ వాటా మరో సగం. సంపాదన లేని భార్య లేదా భర్త, పిల్లలు అదనపు ఖర్చు లేకుండా అందులోనే చేరతారు. చవక అని ప్రైవేటు బీమాలోకి దూకకండి. వయసు పెరిగే కొద్దీ ప్రీమియం పెరుగుతుంది, తిరిగి ప్రభుత్వ బీమాలోకి రావడం తేలిక కాదు.

మెడికల్ షాపుకు వెళ్లి యాంటిబయాటిక్ అడిగే అలవాటు ఇక్కడే వదిలేయండి. అక్కడ చీటీ లేకుండా ఇవ్వరు, డాక్టరు కూడా తేలిగ్గా రాయరు. జలుబు, జ్వరంతో వెళ్తే టీ తాగి పడుకోమని, ఆఫీసుకు సెలవు చీటీ ఇచ్చి పంపుతారు. మనవాళ్లకు ముందు కోపం వస్తుంది. ప్రాణాపాయమైతే 112. రాత్రిపూటో ఆదివారమో, అంత అత్యవసరం కాకపోతే 116117.

పురుడుకు అమ్మను రప్పించుకోవచ్చా?

వచ్చు, కానీ షెంగెన్ వీసా (యూరప్ సందర్శన వీసా) మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండగలరు. పొడిగింపు మీద ఆశ పెట్టుకోవద్దు. కాన్పు తేదీకి రెండు వారాల ముందు దిగేట్టు చూస్తే, బిడ్డకు రెండు నెలలు దాటేదాకా ఆవిడ ఉంటారు. మూడు నెలల ముందే పిలిపించుకుంటే అసలు అవసరమైన రోజుకు వెనక్కి వెళ్లిపోవాల్సి వస్తుంది. అత్తగారూ వస్తానంటే ఇద్దరినీ ఒకేసారి కాకుండా ఒకరి తర్వాత ఒకరిని రప్పించండి. ఇల్లు చిన్నది, కాలం కూడా కలిసొస్తుంది.

వీసాకు మీరు అక్కడి విదేశీయుల కార్యాలయంలో హామీ పత్రం తీసి పంపాలి. కనీసం 30,000 యూరోల ప్రయాణ వైద్య బీమా కావాలి. బీపీ, షుగర్ లాంటి పాత జబ్బులకు ఆ బీమా ఎంతవరకు పనిచేస్తుందో చదివి చూడండి, చాలావాటిలో పనిచేయదు. అమ్మానాన్నలను మీ ప్రభుత్వ బీమాలో చేర్చలేరు. శాశ్వతంగా తెచ్చుకోవడమూ తేలిక కాదు: 2024 మార్చి 1 నుంచి మొదటిసారి అనుమతి పొందిన నిపుణ ఉద్యోగులకు ఆ దారి తెరిచారు కానీ, వాళ్ల ఖర్చులూ ఆరోగ్య బీమా భరించగలమని చూపించాలి. ఒక్కరే సంతానమైనవాళ్లు జర్మనీ ఎంచుకునేముందు ఆలోచించాల్సింది జీతం కన్నా ఇదే.

అమ్మ రాలేకపోయినా మరీ ఒంటరిగా వదిలేయరు. హెబామె అనే మంత్రసాని ఇంటికి వచ్చి తల్లినీ బిడ్డనూ చూస్తుంది, ఖర్చు బీమాదే. మంచి మంత్రసానులు తొందరగా నిండిపోతారు కాబట్టి, గర్భం ఖాయమైన వారమే వెతకడం మొదలుపెట్టండి. ఉద్యోగం చేసే తల్లికి కాన్పుకు ముందు ఆరు వారాలు, తర్వాత ఎనిమిది వారాలు సెలవు చట్టం ఇస్తుంది. అక్కడ పుట్టిన బిడ్డకు మీరు ఇండియా పౌరసత్వమే కోరుకుంటే, ఏడాదిలోపు భారత కాన్సులేట్‌లో జననం నమోదు చేయించాలి. రాయబార కార్యాలయం బెర్లిన్‌లో, కాన్సులేట్లు ఫ్రాంక్‌ఫర్ట్, హాంబుర్గ్, మ్యూనిక్‌లలో ఉన్నాయి.

సంక్రాంతికి పిల్లలతో రావచ్చా?

బడి ఈడు పిల్లలుంటే మరిచిపోండి. సంక్రాంతికి అక్కడ సెలవులు ఉండవు, క్రిస్మస్ సెలవులు జనవరి మొదటి వారంలో అయిపోతాయి. టికెట్ చవకని బడి ఎగ్గొట్టిస్తే తల్లిదండ్రులకు జరిమానా పడుతుంది. వేసవిలో ఆరు వారాలు దొరుకుతాయి, అప్పుడు వస్తే విశాఖలో వానలు మొదలై ఉంటాయి, ఆవకాయ జాడీల్లోకి ఎక్కి ఉంటుంది. పిల్లలకు నెల నెలా ప్రభుత్వం ఇచ్చే భత్యం 2026లో ఒక్కొక్కరికి 259 యూరోలు, దరఖాస్తు చేసుకుంటేనే వస్తుంది.

ఇరుగుపొరుగుతో ఎలా ఉండాలి?

రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు వరకు, ఆదివారం రోజంతా చప్పుడు చేయకూడదు. ఆదివారం వాషింగ్ మెషీన్ వేయడం, గోడకు మేకు కొట్టడం, మిక్సీ తిప్పడం వద్దు. దోసెల పిండి శనివారమే రుబ్బుకోండి. దుకాణాలు కూడా ఆదివారం మూసేస్తారు, పాలూ బియ్యం శనివారం సాయంత్రానికే తెచ్చుకోవాలి. ఇంగువ పోపు వేసేటప్పుడు కిటికీ తీయండి, మెట్లవైపు తలుపు మూయండి. చెత్తను కాగితం, ప్లాస్టిక్, తడి చెత్తగా విడదీయాలి. డ్రింకుల ప్లాస్టిక్ సీసాలు, టిన్నులు పారేయొద్దు, దుకాణంలో మెషీన్‌లో వేస్తే ఒక్కోదానికి 25 సెంట్లు వెనక్కి ఇస్తుంది.

ఇక్కడి డ్రైవింగ్ లైసెన్సు చెల్లుతుందా?

నివాసం మొదలైన ఆరు నెలల వరకే, అదీ అంతర్జాతీయ పర్మిట్‌తోనో అనువాదంతోనో. ఆ పర్మిట్ ఇక్కడి ఆర్టీవోలో తీసుకోండి. తర్వాత రాతపరీక్ష, రోడ్డు పరీక్ష రెండూ రాయాలి. ఖర్చు వేలల్లో ఉంటుంది, యూరోల్లో. ఊళ్లో ఉంటే కారు అక్కర్లేదు. నెలకు 63 యూరోల డాయిచ్‌లాండ్ టికెట్‌తో దేశమంతా సిటీ బస్సులు, మెట్రోలు, ప్రాంతీయ రైళ్లు ఎక్కొచ్చు. ఎక్స్‌ప్రెస్ రైళ్లకు మాత్రం పనిచేయదు.

అక్కడ ఒంటరితనం గురించి అందరూ భయపెడుతున్నారు.

భయపెట్టడం కాదు, నవంబర్ నిజంగా బరువుగా ఉంటుంది. డిసెంబర్‌లో నాలుగింటికే చీకటి పడుతుంది. ఆర్‌కే బీచ్‌లో సాయంత్రాలు గడిపినవాళ్లకు ఆ చీకటి మొదటి ఏడాది లోపలికి దిగుతుంది. విటమిన్ డి గురించి డాక్టరును అడగండి. వర్షమైనా మధ్యాహ్నం అరగంట బయట నడవండి, అది మందుకన్నా బాగా పనిచేస్తుందని నా నమ్మకం.

జర్మన్లు తొందరగా కలవరు. ఆఫీసు స్నేహం ఆఫీసులోనే ఆగిపోతుంది. వాళ్లు మనసు విప్పేది క్లబ్బుల్లో. టేబుల్ టెన్నిస్, బ్యాడ్మింటన్, చెస్, బృందగానం, ప్రతి ఊళ్లోనూ ఏదో ఒక సంఘం ఉంటుంది, చందా తక్కువ. వారానికోసారి వెళ్తే ఆర్నెల్లకు పేరు పెట్టి పిలుస్తారు. తెలుగు సంఘాలు పెద్ద ఊళ్లలో ఉన్నాయి, ఉగాదికీ దసరాకీ కలుస్తారు. అవీ కావాలి. వాటితోనే సరిపెట్టుకుంటే మాత్రం పదేళ్లయినా జర్మన్ రాదు. ఇంటికి ఫోన్ చేసేటప్పుడు కాలం తేడా చూసుకోండి: వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర.

విశాఖలో స్థలం ఉంది, ఎవరు చూసుకుంటారు? అక్కడి నుంచి కొత్తది కొనొచ్చా?

ఇళ్లు, ఇళ్ల స్థలాలు కొనొచ్చు. వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనకూడదు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. ఆనందపురం, భీమిలి వైపు ‘ఫామ్ ప్లాట్లు’ అని అమ్మేవాటిలో చాలావరకు కాగితం మీద వ్యవసాయ భూమే ఉంటుంది, అడిగి చూడండి. ఈసీ తీయండి, 22ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూడండి. ఇవేవీ హాంబుర్గ్ నుంచి తేలిగ్గా అయ్యే పనులు కావు, ఊళ్లో ఉన్నప్పుడే చేసుకోవాలి.

ఖాళీ స్థలానికి ప్రహరీ కట్టి, బోర్డు పెట్టి, పన్ను మీ పేరునే కడుతూ ఉండండి. జీపీఏ ఇవ్వాల్సివస్తే వెళ్లకముందే ఇక్కడి రిజిస్ట్రార్ దగ్గర ఇవ్వడం మేలు. అక్కడి నుంచైతే భారత కాన్సులేట్‌లో ధ్రువీకరణ చేయించి పంపాలి, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి. అమ్మే అధికారం మాత్రం తమ్ముడికైనా బావమరిదికైనా ఊరికే ఇవ్వొద్దు. ఏ ఆస్తి, ఏ పని, ఎప్పటిదాకా అన్నది పత్రంలోనే రాయించండి. ఇది అపనమ్మకం కాదు, రేపు ఇద్దరి మధ్యా మాట రాకుండా ఉండటానికి.

జర్మన్ పౌరసత్వం ఎప్పుడు వస్తుంది?

అయిదేళ్లు చట్టబద్ధంగా నివాసం, బీ1 భాష, సొంత సంపాదన ఉంటే అడగొచ్చు. మూడేళ్లలో ఇచ్చే ప్రత్యేక దారిని 2025లో ఎత్తేశారు. 2024 నుంచి జర్మనీ రెండు పౌరసత్వాలను ఒప్పుకుంటోంది, ఇండియా ఒప్పుకోదు. జర్మన్ పౌరసత్వం రాగానే మన పాస్‌పోర్టు అప్పగించి, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు తీసుకోవాలి. ఓటు హక్కు పోతుంది.

తిరిగి విశాఖ వచ్చేయాలనుకుంటే?

చాలామంది వస్తారు, అందులో నామోషీ ఏమీ లేదు. ఇల్లు ఖాళీ చేస్తామని మూడు నెలల ముందు సంతకంతో ఉత్తరం ఇవ్వాలి. ఈమెయిల్ మీద ఆధారపడొద్దు. జిమ్, ఫోన్, ఇంటర్నెట్ ఒప్పందాలకూ గడువులుంటాయి, వాటిని ముందే చూసుకోండి. వెళ్లేముందు చిరునామా నమోదు రద్దు చేయించి ఆ కాగితం దాచండి. దాన్ని చూపిస్తేనే చాలా ఒప్పందాలు గడువుకు ముందు ఆగుతాయి.

జర్మన్ పింఛనులో అయిదేళ్లకన్నా తక్కువ కట్టి ఉంటే, ఐరోపా యూనియన్ విడిచిన 24 నెలల తర్వాత మీ వాటా వెనక్కి అడగొచ్చు. కంపెనీ వాటా రాదు. దానికి పింఛను నంబరు, జీతం స్లిప్పులు, నమోదు రద్దు పత్రం కావాలి. అయిదేళ్లు దాటినవాళ్లకు ఆ డబ్బు వెనక్కి రాదు, పదవీ విరమణ వయసులో పింఛనుగా ఇండియాకే వస్తుంది. జర్మన్ బ్యాంకు ఖాతాను వెంటనే మూయకండి. ఆఖరి ఏడాది పన్ను రిటర్ను వేస్తే వచ్చే రీఫండు, ఇంటి అడ్వాన్సు రెండూ మీరు వచ్చేసిన తర్వాతే అందులో పడతాయి.